గెడ్డల పూడికతీత లెక్కలు వార్డుల్లో చదవాలి

సంపాదకునికి,

ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) పదవికి రాజ్యాంగం 148వ అధికరణంలో తగిన రక్షణ కల్పించినా, 151వ అధికరణం ప్రకారం గవర్నరుకు అందిన నివేదికను శాసనసభ ముందు ఎన్నాళ్లలోగా ఉంచాలో గడువు విధించలేదు. దాంతో సమావేశాల చివరి రోజున, చర్చకు వ్యవధి లేకుండా నివేదికలు సభకు వస్తుండటం మామూలైపోయింది. నగరపాలక సంస్థల లెక్కలు చూసే రాష్ట్ర ఆడిట్ శాఖ ఆర్థిక శాఖ కిందే పనిచేస్తుంది కాబట్టి, దాని స్వతంత్రత ఎంతో ఊహించవచ్చు.

విశాఖలో గెడ్డల (వాననీరు పారే వాగులు, కాలువల) పూడికతీతనే తీసుకోండి. రోడ్డు వేస్తే మందం కొలవవచ్చు గానీ, ఎంత మట్టి తీశారో ఒక్క పెద్ద వాన పడ్డాక ఎవరూ నిరూపించలేరు. ఏడాది తర్వాత కాగితాలు తిరగేసే ఆడిటరుకు బిల్లులు, కొలతల పుస్తకం తప్ప ఏమీ కనబడవు. (ఆ పుస్తకం రాసేదీ పని చేయించిన ఇంజినీర్లే.)

గ్రామీణ ఉపాధి హామీ పనులపై 2006లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ మొదలై, మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) ఊరి జనం ముందు చదివారు. పల్లెల్లో సాధ్యమైనది నగరంలోని 98 వార్డుల్లో ఎందుకు కాదు? పూడికతీతకు ముందూ తర్వాతా తీసిన ఫొటోలు, లారీల ట్రిప్పుల లెక్క, గుత్తేదారుకు చెల్లించిన సొమ్ము వార్డు సచివాలయంలో అంటించి, తుది బిల్లుకు ముందే స్థానికుల అభ్యంతరాలు వినేలా కౌన్సిల్ తీర్మానం చేయాలని కోరుతున్నాను.

— ఒక పన్ను చెల్లింపుదారు, విశాఖపట్నం