వైరు తగిలించని గిటారు గురించి వాణికి

విజయనగరం

చిరంజీవి వాణికి అమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమంగా ఉన్నాము. వానలు మొదలైనప్పటి నుంచి నాన్నగారి మోకాలు కొంచెం ఇబ్బంది పెడుతోంది కాని, సంతకు మాత్రం నడిచే వెళ్తున్నారు.

మొన్న రవి బెంగళూరు నుంచి వచ్చి మన ఇంట్లోనే భోజనం చేశాడు. మాటల మధ్యలో, నీ గదిలో గిటారు శబ్దాన్ని పెద్దది చేసే ఆంప్ పెట్టె కనిపించలేదని, నువ్వు మంచం మీద కూర్చుని వైరు తగిలించకుండానే ఎలక్ట్రిక్ గిటారు వాయించుకుంటున్నావని, పక్కన కూర్చున్న తనకే అది దోమ పాడినట్టు వినిపించిందని చెప్పి నవ్వాడు. ఆ మాట పెద్దత్త చెవిన పడింది. సాయంత్రానికల్లా నువ్వు ఆంప్ అమ్మేసుకున్నావని, మర్నాటికి నీ బ్యాండు విడిపోయిందని, ఆ పై వారానికి ఉద్యోగం కూడా ఊడిందని వీధిలో వార్త సిద్ధమైంది. నేను నమ్మలేదు. నమ్మలేదు కనుకనే ఆ సంగతి నిన్ను అడగడం లేదు. ఫోనులో నువ్వు "బాగానే ఉన్నానమ్మా" అని పెట్టేస్తున్నావు కాబట్టి, సాధన గురించి నాలుగు మాటలు తీరికగా రాద్దామని కూర్చున్నాను, అంతే.

ముందుగా, వైరు లేకుండా వాయించడం తప్పు కాదు. రవికి నవ్వు వచ్చిందంటే, ఆ వాద్యం ఎలా పలుకుతుందో వాడికి తెలియకపోవడం వల్ల వచ్చింది. మన బొబ్బిలి వీణకు పనసచెక్కను తొలిచి కుండ చేస్తారు కనుక తీగ కదలిక ఆ చెక్కనూ, లోపలి గాలినీ కదిలించి గది నిండుతుంది. నీ గిటారు అలాంటిది కాదు. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటారు దగ్గర నుంచి ఆ వంశంలోని వాద్యాలన్నిటికీ ఒళ్లంతా గట్టి చెక్కే, బోలు లేదు. తీగల కింద ఉన్న పికప్‌లో అయస్కాంతాలూ, వాటి చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగా ఉంటాయి. ఉక్కు తీగ కదిలినప్పుడు అయస్కాంత క్షేత్రం మారి ఆ రాగి చుట్టలో చిన్న విద్యుత్తు పుడుతుంది, దానిని ఆంప్ పెద్దది చేస్తుంది. అంటే ఆ పికప్ మైకులా గాలిని వినదు, తన మీదుగా పోయే తీగ కదలికను మాత్రమే పట్టుకుంటుంది. ఇది నీకు తెలియదని కాదు. నీకు తెలిసినదే, కాని ఇప్పుడు నేను చెప్పబోయే మాట అంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ఆంప్‌లో గెయిన్ అనే, తీగ సంకేతాన్ని బలపరిచే బిరడాను పెంచి వాయించేటప్పుడు మెల్లగా మీటినదీ, గట్టిగా మీటినదీ దాదాపు ఒకే ఎత్తుకు వచ్చి కూర్చుంటాయి. చేయి చేసిన తప్పును యంత్రం కప్పిపుచ్చుతుంది. వైరు తీసేస్తే ఆ దాపరికం పోతుంది. కింది మీటు బరువుగా, పై మీటు తేలికగా పడుతోందా, హ్యామర్ ఆన్‌లో, అంటే మీటకుండా ఎడమచేతి వేలితో తీగను కొట్టి పలికించినప్పుడు, రెండో స్వరం మొదటి దానికంటే సగం బలంతోనే వస్తోందా, పుల్ ఆఫ్‌లో, అంటే ఆ వేలిని తీసి కింది స్వరాన్ని పలికించేటప్పుడు, వేలు తీగను కొద్దిగా మీటి వదులుతోందా, లేక ఊరికే పైకి లేచి వెళ్లిపోతోందా, తీగ మారేటప్పుడు మధ్యలో గండి పడుతోందా అన్నవన్నీ ఆ చిన్న శబ్దంలో స్పష్టంగా తెలుస్తాయి. తాళం కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి అరవై దెబ్బల దగ్గర పెట్టి, దెబ్బకు రెండు స్వరాల చొప్పున, నాలుగు వేళ్లతో ఒక్కొక్క తీగ మీదా పైకీ కిందికీ నడిచి చూడు. చిటికెన వేలు దగ్గర శబ్దం సన్నబడితే అక్కడ ఆగిపోవాలి. వేగం పెంచడం తర్వాతి మాట. సరళీ వరుసలు మూడు కాలాల్లో వాయించమంటే చిన్నప్పుడు నువ్వు మూడో కాలంతోనే మొదలుపెట్టేదానివి కనుక ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఎడమ చేతి విషయం ఇంకా ముఖ్యం. వేలిని గిటారు మెడ మీది లోహపు మెట్టుకు బాగా దగ్గరగా, గిటారు తల వైపున ఆనించి, ముందు తీగను తాకీ తాకనట్టు ఉంచి మీటుతూ ఉండు. శబ్దం మూగగా ఉంటుంది. కొద్దికొద్దిగా ఒత్తిడి పెంచితే తీగ మెట్టుకు కొట్టుకుని జరజరమంటుంది, ఇంకొంచెం పెంచితే స్వరం తేటపడుతుంది. ఆ తేటపడిన చోటే ఆగాలి. అంతకు మించి నొక్కిన బలమంతా వృథా, పైగా హాని. నువ్వు వాడే తొమ్మిదో నంబరు తీగల సెట్టులో మొదటి తీగ మందం అంగుళంలో వెయ్యింట తొమ్మిది వంతులే. అంత సన్నని తీగను ఎత్తయిన మెట్టు మీద బలంగా నొక్కితే స్వరం పైకి పోతుంది. వీణలోనూ ఇదే తంటా.

ఇక్కడ మూర్తి మామయ్య సంగతి చెప్పాలి. నువ్వు పుట్టక ముందు మాట. అప్పట్లో ఆయన పోస్టాఫీసులో సార్టింగు చేసి రాత్రి పొద్దుపోయాక ఇంటికి వచ్చేవాడు, ఆ తర్వాతే వీణ ముందు కూర్చోవడానికి వీలయ్యేది. ఉన్నది రెండు గదుల వాటా. గోడకు అవతల చంటిపిల్ల. ఇంటాయన ఒకసారి చెప్పి, రెండోసారి కేక వేసి, మూడోసారి వాటా ఖాళీ చేయమన్నాడు. మూర్తికి ఒక ఉపాయం తోచింది. పాత పంచె చింపి మడతపెట్టి, తీగలు ఆనే బ్రిడ్జికి దగ్గరగా తీగల కింద దూర్చాడు. వీణ నోరు నొక్కేసినట్టయింది, ఇంటాయన శాంతించాడు, చంటిపిల్ల నిద్రపోయింది. మూర్తి మాత్రం రాత్రిళ్లు ఇష్టం వచ్చినంతసేపు సాధన చేశాడు. తనకు వీణ నేర్పే మీ తాతగారికి ఈ పంచె సంగతి చెప్పలేదు, చెబితే తిడతారని భయం. వారానికి ఒకసారి పాఠానికి వచ్చినప్పుడు మా వీణ మీద వాయించేవాడు. మీటు కటువుగా ఉందని తాతగారు అంటే, పోస్టాఫీసులో సీళ్లు కొట్టి కొట్టి చేయి మొద్దుబారిందని సర్దుకునేవాడు.

ఆ స్థితిలోనే రేడియో ఆడిషనుకు వెళ్లాడు. కల్యాణి వాయించానని, బాగా వచ్చిందని, మధ్యమం దగ్గర తానే మురిసిపోయానని వచ్చి చెప్పాడు. ఫలితం రాలేదు, అంటే తప్పాడు. అప్పుడు తాతగారు ఒక స్నేహితుడి టేపు రికార్డరు తెప్పించి, మూర్తిని మా హాల్లో కూర్చోబెట్టి అదే కల్యాణిని వాయించమని, టేపు తిప్పి వినిపించారు. వింటూ ఉండగా మూర్తి మొహం ఎలా మారిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. ప్రతి స్వరానికీ ముందు గోరు తీగను కొట్టిన టకటక శబ్దం, ఆ వెనుక స్వరం. అది కూడా తంబురా శ్రుతికి వెంట్రుకవాసి పైన. పంచె అడ్డు ఉన్నన్నాళ్లూ తనకు సరిగ్గా వినపడక, వినపడాలని కుడిచేత్తో గట్టిగా మీటాడు. గట్టిగా మీటిన తీగ అదిరిపోకుండా ఎడమచేత్తో గట్టిగా నొక్కాడు. ఆ రెండు బలాలూ చేతిలో స్థిరపడిపోయాయి. అంతా బయటపడ్డాక పంచె కథ చెప్పాడు. తాతగారు తిట్టలేదు, పంచె తీసేయమని కూడా అనలేదు. పంచె ఉంచే వాయించు, కాని నీకు కూడా సగమే వినపడేంత మెల్లగా వాయించు, వినపడకపోతే చెవిని దగ్గరకు తీసుకురా కాని చేతికి బలం ఇవ్వవద్దు అన్నారు. పొద్దున్నే డ్యూటీకి పోయే ముందు కాసేపు పంచె తీసి, అదే మెత్తని చేత్తో వాయించి సరిచూసుకోమన్నారు. ఆ తర్వాతి ఆడిషనులో మూర్తికి బి గ్రేడు వచ్చింది. కోవా పట్టుకొచ్చాడు, అందులో సగం తనే తిన్నాడు.

నువ్వు ఆంప్ లేకుండా రోజూ వాయిస్తున్నావంటే నాకు పట్టుకున్న దిగులు ఇదే, పెద్దత్త చెప్పినది కాదు. కింద రోడ్డు మీద బళ్ల రొద, పక్క గదిలో టీవీ. వాటి మధ్య నీ తీగలు నీకే వినిపించక చేయి తెలియకుండా బిగుసుకుంటుంది. ఫ్యాను ఆపి, కిటికీ వేసి, గిటారు పై అంచును ఛాతీకి గట్టిగా ఆనించుకుని కూర్చుంటే చెక్కలోని అదురు ఒంటికి తెలుస్తుంది. రాజా మామయ్య ఆర్కెస్ట్రా రోజుల్లో లాడ్జి గదుల్లో ఇలాగే సాధన చేసేవాడు.

ఇంకొక చిక్కు ఉంది. వైరు లేనప్పుడు కొన్ని తప్పులు అసలు వినిపించవు. నువ్వు మూడో తీగ మీద వాయిస్తుంటే ఆరో తీగ తనంతట తాను సన్నగా మోగుతూ ఉంటుంది. గదిలో అది చెవికి ఆనదు. పికప్‌కు అన్ని తీగలూ సమానమే కాబట్టి, స్టేజీ మీద గెయిన్ పెంచగానే ఆ సన్నని మోత హోరవుతుంది. అందుచేత వినిపించినా వినిపించకపోయినా అరచేతి అంచు లావు తీగల మీద, చూపుడు వేలి పక్క భాగం సన్న తీగల మీద ఆని ఉండే అలవాటును వదలకూడదు. బెండ్ చేసి, అంటే తీగను పక్కకు తోసి స్వరాన్ని పైకి ఎక్కించి, నిలబెట్టడం కూడా అంతే. వైరు లేకపోతే స్వరం త్వరగా చల్లారిపోతుంది కనుక విబ్రాటో, అంటే స్వరాన్ని ఊపడం, ఎన్ని ఊపులు నిలుస్తుందో, చివర్లో శ్రుతి జారుతుందో తెలియదు. కాబట్టి వారంలో కొంతసేపైనా ఆంప్ పెట్టి సరిచూసుకోవాలి. దానికి ఆంప్ గదిలో ఉండాలి కదా. బ్యాండు వాళ్ల రిహార్సల్ గదిలో పెట్టి వచ్చావేమో అని నాన్నగారు అంటున్నారు. అయి ఉండవచ్చు.

బెండ్ మాట వచ్చింది కనుక చెబుతున్నాను. ముందు రెండు మెట్లు పైన ఉన్న స్వరాన్ని మీటి విను, దానిని నోటితో పాడు, తర్వాత కింది మెట్టు మీద నుంచి తీగను తోసి ఆ పాడిన స్వరానికి చేర్చు. వైరు లేని గిటారు శబ్దం నీ గొంతు కంటే చిన్నది కాబట్టి, పాటే పెద్దగా వినిపించి చేతిని వెంట తీసుకుపోతుంది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ నేర్చుకున్నది ఇలాగే. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు మాండలిన్ వాయించేవారు కాదు, పాడి వినిపించేవారు. పిల్లవాడు ఆ పాటను తీగ మీదికి తెచ్చుకునేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాలలో తొలి కచేరీ చేసేనాటికి ఆయనకు తొమ్మిదేళ్లు. మాండలిన్ స్వరం వెంటనే ఆగిపోతుంది, గమకానికి నిలవదు అని పెద్దలు పెదవి విరిచిన వాద్యాన్ని, జంట తీగలు తీసేసి అయిదు ఒంటి తీగలతో, విద్యుత్తు సాయంతో ఆయన కర్ణాటక సంగీతానికి తెచ్చాడు. కరెంటు ఆయనకు స్వరాన్ని నిలబెట్టి ఇచ్చింది, గమకం మాత్రం వేళ్లదే. నువ్వు పదో తరగతిలో ఆయన బొమ్మ గోడకు అంటించుకుని నాతో గొడవపడ్డావు, గుర్తుందా? గోడ రంగు ఇప్పటికీ అక్కడ లేచిపోయే ఉంది.

పక్కవాళ్ల ఇబ్బంది వల్లనే ఆంప్ తీసేసి ఉంటే హెడ్‌ఫోన్లు పెట్టుకునే చిన్న ఆంపులు వస్తాయని రాజా మామయ్య చెప్పాడు. కాని వాటి మోత మితంలో పెట్టు. 85 డెసిబెళ్ల శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలకు మించి వినకూడదంటారు, ఆ పైన ప్రతి మూడు డెసిబెళ్లకూ ఆ వ్యవధి సగానికి తగ్గుతుంది. కచేరీ అయ్యాక చెవుల్లో గింగురుమంటోందని నువ్వు కిందటి సంక్రాంతికి అన్నావు, నేను మరిచిపోలేదు. మంచం మీద వంగి కూర్చోవద్దు, చేతులు లేని కుర్చీ కొనుక్కో. మణికట్టు వంచి గంటల తరబడి వాయించవద్దు. నొప్పి వస్తే ఓర్చుకోకుండా ఆపు. అన్నం వేళకు తిను. రవి చేత కందిపొడి, మాగాయ పంపుతున్నాను. మాగాయ చేత్తో తీగలు ముట్టుకోకు, తుప్పు పడతాయి.

నువ్వు చేయవలసిన పని ఒకటుంది. ఫోనును గిటారుకు జానెడు దూరంలో పెట్టి, వైరు తగిలించకుండా, నీకు వచ్చిన ఏదైనా ఒక వరుసను మెల్లగా వాయించి రికార్డు చేసి పంపు. మెప్పించే ముక్క వద్దు. నేనూ మూర్తి మామయ్యా వింటాము. మీటు ఎక్కడ బరువెక్కుతోందో ఆయన ఇట్టే పట్టేస్తాడు.

డబ్బు ఇబ్బంది ఏదైనా ఉంటే, ఉందని కాదు, ఆదివారం ఉదయం నాన్నగారు సంతకు వెళ్లాక తొమ్మిది గంటల వేళ ఫోను చెయ్యి. అప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను.

ఆశీస్సులతో,
అమ్మ