సన్నటి ల్యాప్‌టాప్, సంచీ నిండా అడాప్టర్లు

సంపాదకుడిగారికి,

విశాఖ దొండపర్తిలో చిన్న ఆఫీసు పెట్టుకుని కంపెనీల లెక్కలు, పన్ను రిటర్న్‌లు చూసుకుంటుంటాను. పాత ల్యాప్‌టాప్ మూలపడితే మొన్న ద్వారకానగర్‌లో కొత్తది కొన్నాను. సన్నగా, తేలిగ్గా, చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఇంటికొచ్చి తిప్పి చూస్తే రెండు టైప్-సీ పోర్టులు, ఒక హెడ్‌ఫోన్ రంధ్రం, అంతే. నేను రిటర్న్ దాఖలు చేయాలంటే డిజిటల్ సంతకం టోకెన్ (పెన్‌డ్రైవ్ లాంటి చిన్న పరికరం) గుచ్చాలి, అదేమో పాతరకం యూఎస్‌బీ. ప్రింటరూ అంతే. గడువు ఆఖరి రోజు రాత్రి బండేసుకుని అడాప్టర్ కోసం జగదాంబ దాకా తిరిగిన టెన్షన్ పగవాడికి కూడా వద్దు. కొన్న షాపులో మర్నాడు అడిగితే "ఇప్పుడన్నీ ఇలాగే వస్తున్నాయి సార్, అడాప్టర్ కొనుక్కోండి" అన్నాడు. తయారీదారు మిగుల్చుకున్న పోర్టుకి డబ్బులు మళ్లీ నేనే పెట్టుకోవాలన్నమాట!

పాతవాటిని పట్టుకు వేలాడమని కాదు నా గోల. 1998లో ఆపిల్ వాళ్ల ఐమ్యాక్ ఫ్లాపీ డ్రైవ్, పాత పోర్టులు తీసేసి యూఎస్‌బీ పెట్టినప్పుడు కూడా జనం తిట్టారు, కానీ ఆ యూఎస్‌బీయే ఇవాళ నా టోకెన్‌కి దిక్కు. అదే ఆపిల్ 2016లో మ్యాక్‌బుక్ ప్రో ల్యాప్‌టాప్‌లో టైప్-సీ, హెడ్‌ఫోన్ రంధ్రం తప్ప ఇంకేమీ లేకుండా చేసి, 2021లో హెచ్‌డీఎంఐ (టీవీకి, ప్రొజెక్టర్‌కి బొమ్మ పంపే పోర్టు), మెమొరీ కార్డు స్లాట్ మళ్లీ తెచ్చి పెట్టింది. అంత ఖరీదు పెట్టి కొనేవాళ్లకే ఇబ్బందైతే, నలభై వేలకు ల్యాప్‌టాప్ కొనే మనలాంటివాళ్ల సంగతేమిటి?

టైప్-సీ చెడ్డదని కూడా అనను. యూరప్‌లో 2024 డిసెంబరు నుంచి కొత్త ఫోన్లకు తప్పనిసరి చేశారు, ఛార్జర్ల గొడవ తగ్గింది, సంతోషం. అయితే రంధ్రం ఒకేలా కనిపించినా లోపల పని ఒకటి కాదు. కొన్నిటిలో ఛార్జింగూ డేటాయే వెళతాయి, బొమ్మ వెళ్లదు. మా మేనల్లుడు కాలేజీలో ప్రాజెక్టు చూపించబోతే ప్రొజెక్టర్ మీద ఏమీ రాలేదు, వైరు మార్చారు, అడాప్టర్ మార్చారు, చివరికి తేలిందేమంటే వాడి ల్యాప్‌టాప్ పోర్టుకి ఆ సౌకర్యమే లేదు. ఆ ముక్క డబ్బా మీద ఎక్కడా లేదు. ఇక మన ఊరి ఉప్పుగాలికి చవకరకం అడాప్టర్ పిన్నులు ఎంత త్వరగా చిలుము పడతాయో బీచ్ వైపు ఉండేవాళ్లని అడగండి.

నా సొంత బాధ ఎలాగో సర్దుకుంటాను, రెండు అడాప్టర్లు కొన్నాను, ఒకటి అప్పుడే ఎక్కడో పారేసుకున్నాను కూడా. భయమల్లా ప్రజల డబ్బుతో కొనే కంప్యూటర్ల గురించే. బడుల్లో ప్రొజెక్టర్లు, వార్డు సచివాలయాల్లో వేలిముద్రల యంత్రాలు, ప్రింటర్లు చాలావరకు పాతరకం యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ, కొన్నిచోట్ల ఇంకా బొమ్మ పంపే పాతకాలపు వీజీఏ పోర్టు మీదే నడుస్తున్నాయి. టెండరు రాసేటప్పుడు ప్రాసెసర్, ర్యామ్ రాసి ఊరుకోకుండా, అక్కడ ఉన్న పరికరాలేమిటో ఒకసారి చూసి, ఏ పోర్టులు ఎన్ని కావాలో కూడా రాయమని జిల్లా అధికారులను కోరుతున్నాను. షాపులవాళ్లు కూడా ధర చీటీ మీదే ఏ పోర్టు ఏ పని చేస్తుందో తెలుగులో రాసి పెడితే, కొనేముందే చూసుకుంటాం.

— ఒక పాఠకుడు, దొండపర్తి, విశాఖపట్నం