పెళ్లి రంగుల ఎంపిక మన గోదావరి లంక పూలతో మొదలుకావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడటంతో మా ప్రాంతంలో ఏ ఇంట చూసినా పెళ్లి మాటలే వినిపిస్తున్నాయి. మా బంధువర్గంలో పెళ్లి ఎవరింట జరిగినా పూల బాధ్యత చాలాకాలంగా నాకే అప్పగిస్తున్నారు కాబట్టి, ఈ మధ్య బలపడుతున్న ఒక అలవాటు గురించి మీ పత్రిక ద్వారా తోటి పాఠకులతో చెప్పుకోవాలనుకుంటున్నాను. సెల్‌ఫోన్‌లో ఎక్కడిదో ఒక మండపం ఫొటో చూసి ముందు రంగు ఖాయం చేసుకుంటున్నారు. ఆ రంగు పూలు ఆ నెలలో మన దగ్గర పూస్తాయా అని ఎవరూ అడగడం లేదు. తీరా దొరకవని డెకరేషన్ వారు చెప్పాక ప్లాస్టిక్ పూలకో, థాయ్‌లాండ్ నుంచి వచ్చే ఆర్కిడ్లకో సరేనంటున్నారు. కడియపులంక పూల మార్కెట్‌కు ఇంత చేరువలో ఉన్న ఊళ్లలో ఇలా జరగడం నాకు చాలా బాధగా ఉంది.

రంగు కన్నా ముందు నెలను చూడమని నా మనవి. చామంతి పగటి పొద్దు తగ్గితే తప్ప మొగ్గ తొడగదు; అందుకే కార్తీకం నుంచి మాఘం దాకా పసుపు, తెలుపు చామంతులు మన లంకల నుంచే బుట్టలకొద్దీ వస్తాయి. మల్లె అలా కాదు, దానికి ఎండ కావాలి. ఫాల్గుణం చివర్లో మొదలై జ్యేష్ఠం దాకా విరగపూస్తుంది. వైశాఖంలో పెళ్లి పెట్టుకుని చామంతులే కావాలన్నా, మాఘంలో పెట్టుకుని మల్లెపందిరి కావాలన్నా దూరం నుంచి తెప్పించిన సరుకుకు ఎక్కువ ధర పెట్టి, సగం వాడిన పూలు తెచ్చుకోవలసి వస్తుంది. బంతి, లిల్లీ, కనకాంబరం దాదాపు ఏడాది పొడవునా దొరుకుతాయి కాబట్టి వీటిని ఆధారంగా పెట్టుకుని, ఆ నెల పూసే పువ్వును పైన చేర్చుకుంటే రంగులు వాటంతట అవే కుదురుతాయి. శ్రావణంలో మాత్రం కొంచెం జాగ్రత్త పడాలి. వాన నీరు పట్టిన బంతిపువ్వు పైకి బాగానే కనిపిస్తూ లోపలి నుంచి నల్లబడుతుంది.

రంగుల విషయంలో పీటల మీద కూర్చునే వారి బట్టలను మరిచిపోతున్నామేమో అనిపిస్తుంది. మధుపర్కాలు తెల్లని నూలువి, ఎర్రంచువి, పసుపు తగిలినవి. వాటి వెనక అంతా లిల్లీలతో తెల్లగా నింపేస్తే వధూవరులు ఆ తెలుపులో కలిసిపోతారు. అదే ముద్దబంతి పసుపు గానీ, మామిడాకు, కొబ్బరాకు పచ్చదనం గానీ ఉంటే మధుపర్కం తెలుపు, అంచు ఎరుపు రెండూ తేటగా కనిపిస్తాయి. దీపాల సంగతి ఇంకా ముఖ్యం. ఇప్పుడు మండపాల్లో నీలం, ఊదా రంగు ఎల్‌ఈడీ దీపాలు వేస్తున్నారు. ఎర్రని రేకు ఎరుపు కాంతినే వెనక్కి పంపగలదు గనుక, నీలి వెలుగులో ఎర్రగులాబీ దండ కమిలిపోయినట్టు నల్లగా కనబడుతుంది. వేలు పోసి కొన్న పూలను వందల రూపాయల దీపం చెడగొడుతోంది. రాత్రి ముహూర్తమైతే లేత పసుపు వెలుగిచ్చే దీపాలు అడిగి పెట్టించుకోవడం మంచిది.

ఫొటోల్లో కనబడనిది వాసన. తెల్లవారకముందే కోసిన మల్లెమొగ్గలను తడిగుడ్డలో చుట్టి అరటాకులో పెట్టి ఉంచి, పొద్దువాలే వేళకు తడిపిన అరటినారతో రెండు మొగ్గలు అటు, రెండు ఇటు పెట్టి ముడివేస్తూ కడితే, కాడ నలగకుండా నిలుస్తాయి. రాత్రి జీలకర్ర బెల్లం పెట్టి తెర తీసే సమయానికి అవి విచ్చుకుని పందిరంతా పరిమళిస్తుంది. అరటితోటలకు కొదవలేని కోనసీమలో నారకు ఖర్చే లేదు. ఇలా దండలు, పూలజడలు కట్టే ఆడవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, వారి చేతిలో పని క్రమంగా తగ్గిపోతోంది. పూల రైతుల పరిస్థితి అంతకంటే మెరుగ్గా లేదు. ఆషాఢంలోనూ, మూఢం రోజుల్లోనూ కోత కూలి కూడా గిట్టక పూలు పారబోసుకునే వారికి ముహూర్తాల నెలలే ఆదరువు. ఆ నాలుగు రోజులు కూడా ప్లాస్టిక్ పూల పాలైతే వారు సాగు ఎలా నిలబెట్టుకుంటారు?

పెళ్లి అయ్యాక ఆ ప్లాస్టిక్ పూలు, పూలు గుచ్చే స్పాంజి దిమ్మలు చాలాచోట్ల పంట కాలువ గట్టు చేరుతున్నాయి. అలంకరణకు వాడే థర్మోకోల్‌ను కేంద్ర ప్రభుత్వం 2022 జూలై 1 నుంచి నిషేధించినా, వధూవరుల పేర్లు ఇంకా దానితోనే చెక్కిస్తున్నారు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అడుగున పేరుకున్న ఈ చెత్త, నీళ్లు వదలగానే ముందుగా కొట్టుకొస్తుంది. మన ఊళ్ల మంచినీటి చెరువులు నిండేది ఈ కాలువ నీటితోనే.

అందుచేత వేమగిరిలోని జాతీయ పూల పరిశోధన ప్రాంతీయ కేంద్రం వారు, వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం వారు కలిసి, ఏ మాసంలో ఏ పూలు, ఏ రంగుల్లో డెల్టాలో దొరుకుతాయో తెలిపే పట్టికను తెలుగులో తయారుచేసి పంచాయతీలకు, కల్యాణ మండపాలకు పంపాలని కోరుతున్నాను. మండపాల యజమానులు పూల చెత్తకు వేరే గుంత ఏర్పాటు చేసి, ప్లాస్టిక్ అలంకరణను లోపలికి రానివ్వకూడదు. మీ పత్రిక కూడా కొబ్బరి, అరటి ధరలు ఇస్తున్నట్టే కడియపులంక మార్కెట్‌లో బంతి, చామంతి, లిల్లీ, మల్లె, కనకాంబరం ధరలను ముహూర్తాల నెలల్లో రోజూ జిల్లా పేజీలో ప్రచురిస్తే, పెళ్లివారు అంచనా వేసుకోవడానికీ, రైతులు తమ సరుకు విలువ తెలుసుకోవడానికీ ఎంతో ఉపయోగపడుతుంది. ఈ మాఘం నుంచే ఆ పని మొదలుపెట్టవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మండపేట