రెండో సీసా

గాజువాక, విశాఖపట్నం

అమ్ములూ,

ట్రామెక్కి ఫ్రాన్సుకెళ్లి రొట్టెలు కొనుక్కొచ్చానని ఎంత మామూలుగా రాశావే! 1870 నుంచి 1945 లోపు ఫ్రాన్సూ జర్మనీ మూడుసార్లు కొట్టుకున్నాయి. నువ్వుంటున్న సార్‌బ్రుకెన్ అయితే ఆఖరి యుద్ధం తర్వాత కొన్నేళ్లు ఫ్రాన్సు చెప్పుచేతల్లో ఉండి, 1957లోగానీ జర్మనీలో కలవలేదు.

అంత పగ ఎలా పోయిందని అడిగావు. స్టీల్ ప్లాంటులో పనిచేసినవాణ్ణి, నాకు ముందు కనిపించేది ఉక్కే. 1950లో ఫ్రాన్సు విదేశాంగ మంత్రి షూమన్, రెండు దేశాల బొగ్గునీ ఉక్కునీ ఒకే అజమాయిషీ కిందికి తెద్దామన్నాడు. ఫిరంగి చెయ్యాలన్నా ఆ రెండే కదా కావాలి. ఎవర్నీ ప్రేమించమనలేదు చూడు, లెక్కలు కలిపి రాసుకుందామన్నాడు. 1963లో ఫ్రాన్సు అధ్యక్షుడు డిగాల్, జర్మనీ ఛాన్సలర్ అడెనావర్ కలిసి స్నేహ ఒప్పందం మీద సంతకాలు చేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ డిగాల్ జర్మన్ల దగ్గర ఖైదీ! అదే ఏడు, కుర్రకారుని అటూ ఇటూ పంపడానికి ఒక సంస్థ పెట్టారు. లక్షల మంది పిల్లలు శత్రువుల ఇళ్లలో దిగి, వాళ్లు పెట్టింది తిని వచ్చారు. తాతలందరూ మారిపోయారని నేననుకోను. మనవల దాకా ఆ పగ అందలేదు, అంతే.

మన ఊరి సంగతే తీసుకో. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఇక్కడ బాంబులు వేశాయి. పేలని బాంబు మ్యూజియంలో ఉంది, నీకు చిన్నప్పుడు చూపించా. 1960 వచ్చేసరికి అదే జపాన్‌కి బైలదిల్లా ఇనుప ఖనిజం అమ్మడానికి ఒప్పందం కుదిరింది. కిరండూల్ రైలు లైను వేసింది అందుకే. అరకు వెళ్తూ నువ్వు సొరంగాలు లెక్కపెట్టింది ఆ పట్టాల మీదే. ఇవాళ జపాన్ వాళ్లని తిట్టేవాళ్లు మా వీధిలో ఎవరూ లేరు. అయితే మనకి తగిలింది చిన్న దెబ్బ. చైనాకీ కొరియాకీ తగిలింది అలాంటిది కాదు, అక్కడ ఆ మంట ఇంకా ఉంది.

ఇక నీతో వంటగది పంచుకుంటున్న లాహోర్ అమ్మాయి. 1971 డిసెంబరులో కిటికీలకి నల్ల కాగితాలు అంటించి, దీపాలార్పేసి కూర్చున్న మనిషి నాయనమ్మ. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మన తీరంలోనే. ఆవిణ్ణి మరిచిపొమ్మనడానికి నేనెవర్ని? కానీ 2019 నుంచి మనకీ వాళ్లకీ మధ్య వ్యాపారం దాదాపు ఆగిపోయింది, వీసాల సంగతి సరేసరి. బీచ్ రోడ్డులో యుద్ధ స్తూపం చూస్తూ పెరిగిన పిల్లకి ఆ దేశపు మనిషి ఒక్కరూ తారసపడకపోతే ఇంకేం తెలుస్తుంది? నీకు తారసపడింది, అదీ జర్మనీ వెళ్తేగానీ కుదరలేదు.

మా స్నేహితుడి కొడుకు వచ్చే నెల అటు వస్తున్నాడు. ఆవకాయ రెండు సీసాలు పంపుతున్నా, నాయనమ్మే కలిపింది. రెండో సీసా ఎవరికో ఆవిడకింకా చెప్పలేదు. ఫోన్లో నువ్వే చెప్పుకో, నేను మధ్యలో దూరను.

నాన్న