వార్షిక నివేదిక: తేనెమైనంతో ఈ ఏడాది చేసిన పనులు

సభ్యులందరికీ నమస్కారం.

సభ్యుల కోరిక మేరకు ఈ ఏడాది నెలవారీ సమావేశాల్లో ఎక్కువ భాగం తేనెమైనానికే ఇచ్చాం. జమాఖర్చుల పత్రం విడిగా అందింది కాబట్టి ఇక్కడ పని గురించే రాస్తున్నాను.

మొదటి సమావేశం మొత్తం మైనం కరిగించడంతోనే సరిపోయింది. అలా జరగడమే మంచిదైంది. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. దాన్ని నేరుగా పొయ్యి మీద పెట్టాల్సిన పని లేదు. వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె దించి కరిగిస్తే చాలు. మరీ వేడెక్కితే రంగు ముదురుతుంది, కమ్మని వాసన పోతుంది. పొరపాటున అంటుకుంటే నీళ్లు మాత్రం చల్లకండి, మూత పెట్టి పొయ్యి ఆపేయండి. మిగిలిన మైనాన్ని సింకులో పోస్తే గొట్టంలోనే గడ్డకడుతుంది.

అందరికీ వెంటనే పనికొచ్చింది మాత్రం చిన్న ముక్కే. కుట్టుదారాన్ని దాని మీదుగా రెండుసార్లు లాగితే చిక్కుపడదు, పోగులు లేవవు. పట్టేసే చెక్క సొరుగు అంచులకు, మొరాయించే జిప్పుకు, గట్టి చెక్కలో బిగించే స్క్రూకు కాస్త రుద్దితే చాలు.

చెక్క పాలిష్‌కు తూకంలో ఒక వంతు మైనం, నాలుగు వంతుల నూనె కలిపాం. పల్చగా పూసి, కాసేపు ఆగి, పొడిగుడ్డతో తుడిస్తే మెరుపు వస్తుంది. అవిసె నూనె వాడినవాళ్లు ఆ గుడ్డలను ఉండచుట్టి పడేయకండి, అవి వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. ఒక సమావేశం అయ్యాక అలాంటి గుడ్డల కుప్ప మూలన కనబడి చాలా టెన్షన్ పడ్డాం. ఇప్పుడు వాటిని ఆరుబయట పరిచి ఆరబెట్టాకే పారేస్తున్నాం.

కొవ్వొత్తుల మొదటి విడత వెలిగించిన కాసేపటికే కొండెక్కింది. తప్పు వత్తిది. మామూలు కొవ్వొత్తుల్లో వాడే పారాఫిన్ మైనానికి సరిపోయే సన్నటి వత్తి తేనెమైనాన్ని తగినంత పీల్చుకోలేదు. లావు వత్తి వేశాక చివరిదాకా నిలకడగా వెలిగాయి. కొన్నాళ్లకు వాటి మీద తెల్లటి పొర వచ్చిందని, బూజేమోనని చాలామంది అడిగారు. అది బూజు కాదు, తేనెమైనానికి సహజంగా వచ్చే పొర. మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది.

ఆహారం చుట్టిపెట్టే మైనపు గుడ్డలు కూడా చేశాం. ఒట్టి మైనమైతే మడతల దగ్గర పగులుతోంది, కొంచెం గుగ్గిలం, నూనె కలిపితే నయం. వాటిని చన్నీళ్లతోనే కడగాలి. పచ్చిమాంసం చుట్టడానికి వద్దు.

పని తేనెటీగలు తమ పొట్ట అడుగున పల్చటి పొలుసులుగా ఈ మైనాన్ని స్రవిస్తాయి. కిలో మైనానికి అవి ఎన్నో కిలోల తేనె తినాలి. అందుకే వృథా చేయాలంటే నాకు మనసొప్పదు. వచ్చే ఏడాది నుంచి తుంపులు, కాలిపోగా మిగిలిన ముక్కలు ప్రతి సమావేశానికీ తీసుకురండి. కరిగించి, పాతగుడ్డలో వడకట్టి, దారాలకు రుద్దే బిళ్లలుగా పోసి అందరికీ పంచుతాం.

ఇట్లు,
కార్యదర్శి