సింథసైజర్ వాడని రోజులు

కర్నూలు.

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. గిటారు ధ్వనిని రకరకాలుగా మార్చే ఎఫెక్ట్స్ ప్రాసెసర్ పెట్టె కొనుక్కోవడానికి నీవు అడిగిన డబ్బు నిన్ననే నీ ఖాతాలో వేశాను. దాని మీద నాకు ఏ పేచీ లేదు. అయితే ఆ పెట్టె లేనిదే మీ బృందానికి సొంత ధ్వని రాదని ఫోనులో నీవన్న మాట మాత్రం నన్ను వదలడం లేదు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పుకునేవాణ్ణి కనుక, సొంత ధ్వని ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవడానికి నాకు తెలిసినంతలో అన్నిటికంటే మంచి ఉదాహరణ అయిన క్వీన్ అనే ఇంగ్లీషు రాక్ బృందం గురించి కొంత వివరంగా రాస్తున్నాను.

ఆ బృందం 1970లో లండన్‌లో ఏర్పడింది. గిటారు వాయించే బ్రయాన్ మే ఇంపీరియల్ కాలేజీలో భౌతికశాస్త్రం చదివాడు. డ్రమ్ములు వాయించే రోజర్ టేలర్ దంతవైద్యంలో చేరి తరువాత జీవశాస్త్రానికి మారాడు. మరుసటి ఏడు వచ్చి చేరిన బేస్ గిటారు జాన్ డీకన్‌ది ఎలక్ట్రానిక్స్ చదువు. చిత్రకళ చదివిన గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ జాంజిబార్‌లో పుట్టిన పార్సీ కుర్రవాడు, పంచగనిలోని బోర్డింగు బడిలో పెరిగినవాడు. మనవాడు, మనవాడు అని మురిసిపోవడం నాకు పెద్దగా నచ్చదు గానీ, అతని వేళ్లకు పియానో అబ్బిందీ, తొలి బృందం కట్టిందీ ఆ కొండ ఊళ్లోనే.

బ్రయాన్ మే గిటారు సంగతి నీకు తప్పక తెలియాలి. దుకాణంలో ఉన్న మంచి గిటారు కొనే స్తోమత లేక, 1963లో తండ్రీ కొడుకులిద్దరూ ఇంట్లోనే ఒకటి తయారు చేయడానికి పూనుకున్నారు. దాని మెడకు ఒక పాత ఇంటి ఫైర్‌ప్లేస్ చెక్కను చెక్కారు. తీగల బిగువును మార్చే మీటకు మోటారుసైకిలు వాల్వు స్ప్రింగులు బిగించారు. మెట్ల మీది గుర్తులకు తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపు చిప్ప గుండీలు వాడారు. తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే మూడు పికప్‌లకూ విడివిడిగా స్విచ్‌లు, వాటి సంకేతాన్ని తలకిందులు చేయడానికి (ఫేజ్ తిప్పడానికి) మళ్లీ వేరే స్విచ్‌లు అమర్చడం వల్ల, మామూలు గిటారులో దొరకని స్వరచ్ఛాయలు అందులో దొరికాయి. ఆ తండ్రే, కొడుకు పరిశోధన మానేసి పాటల వెంట పోయినప్పుడు చాలా బాధపడ్డాడు. బ్రయాన్ మే సౌరకుటుంబంలోని ధూళి మీద తన డాక్టరేట్‌ను 2007లో పూర్తి చేశాడు. (నీ పరీక్షల ఊసు నేనిక్కడ ఎత్తడం లేదు.)

డబ్బిచ్చే గిరాకీలు లేని వేళల్లో స్టూడియోలో దొరికిన సమయాన్ని వాడుకుంటూ రికార్డు చేసిన తొలి ఆల్బమ్ 1973లో వచ్చింది. గిటారు మీద గిటారును, గొంతు మీద గొంతును పేర్చడం వారు అక్కడే మొదలుపెట్టారు. విన్నవారు యంత్రం అనుకుంటారని, విద్యుత్తుతో స్వరాలు పుట్టించే సింథసైజర్ వాడలేదని ఆల్బమ్ అట్టల మీద అచ్చు వేయించేవారు. 1975 నాటి బొహీమియన్ రాప్సొడీ పాటలో ఆ పని పరాకాష్ఠకు చేరింది. మెర్క్యురీ, మే, టేలర్ ముగ్గురే మళ్లీ మళ్లీ పాడి, ఆ పొరలను 24 ట్రాకుల (విడివిడి ధ్వని వరుసల) టేపు మీద కలిపి, మళ్లీ వాటి మీదే పాడుతూ పోగా, టేపు అరిగి వెలుతురు అవతలికి కనిపించేంత పలుచబడింది. పాట దాదాపు 6 నిమిషాలు, రేడియోవాళ్లు వేయరన్నారు, అయినా బ్రిటన్‌లో 9 వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

రెండేళ్లకే వారు దానికి పూర్తిగా ఎదురు దారి పట్టారు. వుయ్ విల్ రాక్ యూ పాటలో డ్రమ్ములు లేవు. చెక్కల మీద పాదాల తాడనం, చప్పట్లు, చివర్లో మాత్రం గిటారు. పత్తికొండ వైపు మీ తాతగారి ఊళ్లో శ్రీరామనవమికి చెక్కభజన చూశావు కదా, అడుగే తాళమైనప్పుడు చూసేవాడి కాలు కూడా ఊరుకోదు. ఆ కొద్దిమంది చప్పుడును వేలమందిదిగా వినిపించడానికి బ్రయాన్ మే అనేక ఆలస్యాలతో దాన్ని పునరావృతం చేశాడు. ఆ వ్యవధులకు ప్రధాన సంఖ్యల లెక్క వాడడం వల్ల ప్రతిధ్వనిలా కాక పెద్ద గుంపులా వినిపిస్తుంది. ఇది నేను తరగతిలో చెప్పదగిన పాఠం.

1980లో ద గేమ్ ఆల్బమ్‌తో సింథసైజర్ వచ్చింది. దానికి నేను వారిని తప్పుపట్టను. అందులో డీకన్ రాసిన అనదర్ వన్ బైట్స్ ద డస్ట్ బేస్ గిటారు మీద నడిచే పాట, అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. కానీ ఆ విజయాన్ని పట్టుకుని 1982లో చేసిన హాట్ స్పేస్ ఆల్బమ్ నా చెవికి ఎవరో చెబితే చేసినట్టుంటుంది. 1985 జులై 13న లండన్ వెంబ్లీ స్టేడియంలో, లైవ్ ఎయిడ్ అనే సహాయ కచేరీలో సుమారు 72,000 మంది ముందు వారు వాయించిన 20 నిమిషాలను అందరూ పొగుడుతారు. దానికి ముందు థియేటరు అద్దెకు తీసుకుని నిమిషం నిమిషం సాధన చేశారన్నది ఎవరూ చెప్పరు. 1991 నవంబరులో ఎయిడ్స్‌తో కన్నుమూసిన మెర్క్యురీ, నిలబడే ఓపిక లేని రోజుల్లో కూడా పాడుతూనే వచ్చాడు.

ఇక నీ పని ఒకటుంది. డీకన్ చెత్తలో దొరికిన ఒక సర్క్యూట్ బోర్డుకు స్పీకరు తగిలించి, 9 వోల్టుల బ్యాటరీతో ఒక చిన్న యాంప్లిఫైయర్ తయారు చేశాడు. 1975 నాటి గుడ్ కంపెనీ పాట చివర్లో క్లారినెట్‌లా, ట్రాంబోన్‌లా వినిపించేవన్నీ ఆ పెట్టె గుండా వచ్చిన గిటారే. హెడ్‌ఫోను పెట్టుకుని, ఏ వాయిద్యం ఎక్కడ మొదలవుతుందో కాగితం మీద గుర్తించి నాకు పంపు. నేను గుర్తించినవి ఇక్కడ నా దగ్గరున్నాయి. రెండూ పోల్చి చూద్దాం.

మీ నాన్న