పట్టపగలు లైట్లు: లోపం ప్లాన్‌లోనే ఉంది

సంపాదకులకు,

నల్లగొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా మిట్టమధ్యాహ్నం సర్కారు ఆఫీసుల్లో ట్యూబ్‌లైట్లు వెలుగుతూనే ఉంటాయి. బయట ఎండలో వెలుగు లక్ష లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) దాకా ఉంటుంది. ఫైలు చదవడానికి కావలసింది 300. అది కూడా బల్ల మీదికి రావడం లేదు. ఇందుకు సిబ్బందిని అనడం అన్యాయం. కట్టేటప్పుడే వెలుగుకు దారి మూసేశారు.

కిటికీ పైఅంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటే, దానికి రెండు నుంచి రెండున్నర రెట్ల దూరం వరకే పనికొచ్చే వెలుగు లోపలికి వస్తుంది. లింటెల్ (కిటికీ మీది అడ్డదూలం) 7 అడుగుల దగ్గర వేస్తే 14 నుంచి 17 అడుగులు. గది లోతు 25 అడుగులైతే లోపలి బల్లలకు పగలంతా లైట్లే గతి. కిటికీ వెడల్పు పెంచినా ఈ లెక్క మారదు, పైఅంచు ఎత్తు పెరగాలి. పాతకాలం బంగ్లాల్లో కప్పు కిందనే రోషన్‌దాన్ (గోడలో పైన ఉండే చిన్న కిటికీ) పెట్టింది గాలికొక్కదానికే కాదు. ఇప్పుడు ఉన్న రోషన్‌దాన్‌కు కూడా అడ్డంగా 8 అడుగులకే ఫాల్స్ సీలింగ్ దించుతున్నారు. అది చాలక కిటికీకి ఆనించి బీరువాలు.

వాణిజ్య సముదాయాల సంగతి వేరు. రోడ్డు పడమర ఉంటే ముందువైపంతా అద్దమే. మూడు దాటాక ఎండ వాలుగా వచ్చి నేరుగా కళ్లలో కొడుతుంది, రెండడుగుల సజ్జ దాన్ని ఆపలేదు. కర్టెన్లు దించి, లైట్లు వేసి, ఏసీ పెంచుతారు. పడమటికి కావలసింది చిన్న కిటికీలు, వాటి బయట ఎండకు అడ్డుగా నిలువు పలకలు. దక్షిణానికైతే అదే రెండడుగుల సజ్జ నాలుగడుగుల కిటికీని మార్చి నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నపు ఎండ నుంచి కాపాడుతుంది. ఉత్తరపు వెలుగు అన్నిటికంటే నెమ్మది. అద్దం మరీ ముదురు రంగుదైతే వేడితోపాటు వెలుగూ పోతుంది. పెద్ద వాణిజ్య భవనాల కోసం 2017లో వచ్చిన ఇంధన పొదుపు భవన నియమావళి (ఈసీబీసీ), అద్దం కనీసం 27 శాతం వెలుగునైనా లోపలికి వదలాలంది. చిన్న కాంప్లెక్సు కట్టేవారు కూడా అద్దం కొనే ముందు ఈ అంకె అడగాలి.

మార్కెట్ యార్డు షెడ్లలో వెలుగు కోసం పైన వేసే పారదర్శక రేకులు రెండు మూడేళ్లకే పసుపెక్కి, పగుళ్లిచ్చి కారుతుంటాయి. పాలికార్బనేట్ (గట్టి ప్లాస్టిక్) రేకుకు సాధారణంగా ఒకవైపే యూవీ పూత, అంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపే పూత ఉంటుంది. పూత ఉన్న ముఖం ఆకాశం వైపు ఉండాలి. రేకు మీది ఫిల్మ్‌పై ఆ సంగతి రాసే ఉంటుంది, దాన్ని ముందే చింపేసి తిరగేసి బిగిస్తారు. రెండోది, 3 మీటర్ల రేకు వేడిలో 40 డిగ్రీల తేడాకు దాదాపు 8 మిల్లీమీటర్లు సాగుతుంది. స్క్రూ కంటే రంధ్రం కొన్ని మిల్లీమీటర్లు పెద్దగా ఉంచి, రబ్బరు వాషర్ వేసి, మరీ బిగించకుండా వదలాలి. లేకుంటే పగులు రంధ్రం దగ్గరే మొదలవుతుంది. కప్పు విస్తీర్ణంలో 3 నుంచి 5 శాతం చాలు. అంతకు మించితే మే నెలలో హమాలీలు ఆ కింద నిలబడలేరు.

పెద్దగా ఖర్చు లేని పని ఇంకొకటుంది. లైట్ల వరుసలు కిటికీ గోడకు సమాంతరంగా ఉండాలి, వరుసకో స్విచ్ ఉండాలి. కిటికీ పక్క వరుసలో ఆరు 20 వాట్ల ట్యూబులు 8 గంటలు ఆపితే రోజుకు దాదాపు ఒక యూనిట్ మిగులుతుంది. ఒక్క స్విచ్‌కే హాలంతా వెలిగితే ఏ ఉద్యోగీ ఆపలేడు.

ఆర్‌అండ్‌బీ, పంచాయతీరాజ్ ఇంజినీర్లకు విన్నపం. టెండరుకు ముందే ప్రతి డ్రాయింగ్ మీద గది లోతు, కిటికీ పైఅంచు ఎత్తు పక్కపక్కన రాయించండి. కట్టడం పూర్తయ్యాక, చివరి బిల్లుకు ముందు, పగలు 12 గంటలకు లైట్లన్నీ ఆర్పి లక్స్ మీటరుతో బల్లబల్లా కొలిచి, 300 లక్స్ రాని బల్లలెన్నో ఎంబీలో (పనుల కొలతల పుస్తకంలో) ఎక్కించండి.

— ఒక సివిల్ ఇంజినీరు, నల్లగొండ